కుంకుమ నోట్లూ, నా చట్టమూ

మా ఆవిడ కుట్టుమిషను నా నోటి మూలాన ఎలా పోయిందో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆవిడ మాత్రం ఇప్పటికీ నవ్వలేదు.

ఎనభైల మొదట్లో మేం బోస్టన్ దగ్గర ఉండేవాళ్లం. అక్కడి తెలుగు ఆడవాళ్లందరికీ జాకెట్లు కుట్టేది మా ఆవిడ సుభద్రే. ఉన్నట్టుండి తన పాత మిషను మూలపడింది. వారంలో ఒక పెళ్లి. పెళ్లికూతురి జాకెట్లన్నీ మా ఇంట్లో గుడ్డముక్కలుగా పడి ఉన్నాయి. దుకాణంలో మిషన్లు సగం ధరకి పెట్టారనీ, ఒక్కటే మిగిలిందనీ తెలిసింది. సుభద్ర దాచుకున్న డాలర్లు తీసి, శుక్రవారం కదా అని అమ్మవారి ముందు పెట్టి, ఒక్కో నోటుకీ కుంకుమ బొట్టు పెట్టింది. బొట్టు విషయంలో ఆవిడ చేయి మరీ ధారాళం.

ముందురోజే ఆఫీసు క్యాంటీన్‌లో ఒక సంగతి విన్నాను. మేమున్న మాసచూసెట్స్ రాష్ట్రంలో దుకాణాలవాళ్లు 'నోట్లు వద్దు, కార్డే ఇవ్వండి' అంటే కుదరదట, చట్టమట. క్రెడిట్ కార్డు లేక అంతవరకూ ఎన్నో కౌంటర్ల దగ్గర తలవంచుకున్నవాణ్ణి. ఆ మాట వినగానే నాకు కొమ్ములొచ్చాయి.

"మీరు డబ్బు కట్టండి, నేను దారాలు చూసుకొస్తా" అని సుభద్ర లోపలికి వెళ్లింది. మిషను అరలోనే ఉంది, డబ్బు కడితే తీసిస్తారు. నోట్లు అందించాను. కౌంటరు అమ్మాయి తన వేలు చూసుకుని, "సార్, ఈ నోట్లు..." అంది.

"తీసుకోనంటారా?"

"అది కాదు సార్, ఒక్క నిమిషం..."

"మాసచూసెట్స్‌లో చట్టం ఉంది, తెలుసా? నోట్లు తీసుకుని తీరాలి."

"తెలుసు సార్, నేననేది..."

"మీ మేనేజర్‌ని పిలవండి."

మేనేజరు వచ్చాడు. పాపం, ఆయనకీ మొదటినుంచీ చట్టం వినిపించాను. వెనక క్యూలోవాళ్లు ఒక్కొక్కరే పక్క కౌంటరుకి జరుగుతున్నారు. నేనేమో జనం మూగుతున్నారనుకుని గొంతు పెంచాను. "కావాలంటే పోలీసుని పిలవండి, ఆయనే చెప్తాడు" అన్నాను.

చూశారా, పిలిపించింది నేనే. ఇంకెవర్నీ అనడానికి లేదు.

వచ్చిన పోలీసు నా ఉపన్యాసం పట్టించుకోలేదు, నోట్ల మీది ఎర్ర మరకలు చూశాడు. బ్యాంకు దొంగలకిచ్చే డబ్బులో అక్కడివాళ్లు రంగు పొట్లం దాచిపెడతారనీ, అది పేలితే నోట్లన్నీ ఎర్రబడతాయనీ నాకు ఆ క్షణందాకా తెలియదు.

"ఈ డబ్బు ఎక్కడిది?"

"మా ఆవిడ ఇచ్చింది."

"ఆవిడెక్కడ?"

"ఇక్కడే, దారాల దగ్గర."

"అంటే ఇద్దరూ కలిసే వచ్చారన్నమాట."

సుభద్ర తిరిగొచ్చేసరికి నేను రెండు చేతులూ కౌంటరు మీద పెట్టి నిలబడి ఉన్నాను. "ఏం చేశారు?" అంది, పోలీసుని కాదు, నన్నే. తర్వాత తన నుదుటి బొట్టు చూపించి, హ్యాండ్‌బ్యాగులోంచి కుంకుమ పొట్లం తీసి ఆయన వేలికి రాసింది. పూజ సంగతి వివరించింది. ఆయన వాసన చూసి, "సారీ మేడమ్" అని, నాకేసి తిరిగి, "చట్టం మాత్రం మీరు చెప్పింది నిజమే" అన్నాడు. సిగ్గులేకుండా ఛాతీ విరిచాను.

అప్పుడు కౌంటరు అమ్మాయి నోరు విప్పింది. "నేను ఇందాకట్నుంచీ చెప్పబోయేది ఒకటే సార్. నోట్లకి ఏదో పొడి అంటింది, మీ చొక్కా పాడవుతుంది, తుడుచుకోవడానికి కాగితం తెస్తానని."

"సరే, మిషను ఇప్పించండి" అన్నాను.

"మీ వెనక నిలబడ్డావిడ పక్క కౌంటర్లో కొనుక్కుని వెళ్లిపోయారు సార్."

నోట్లు పుచ్చుకోవాలని చట్టం ఉంది గానీ, నా ఉపన్యాసం అయ్యేదాకా మిషను ఆపాలని ఏ చట్టంలోనూ లేదు.

కారులో సుభద్ర వేళ్ల మీద జాకెట్ల లెక్క వేసుకుంది. చివరికి, "ఇంటికెళ్లగానే సూదిలో దారం ఎక్కించండి. చేత్తో కుట్టాలి, ఇద్దరం" అంది.

వారమంతా హుక్కులు కుట్టాను. సూది గుచ్చుకున్నప్పుడల్లా అమ్మవారి మీద ఒట్టేసుకున్నాను, దుకాణంలో డబ్బు కట్టేటప్పుడు జన్మలో నోరెత్తనని. ఆ ఒట్టు ఈనాటికీ తప్పలేదు. తప్పే అవకాశమూ లేదు. అప్పట్నుంచీ డబ్బు సుభద్రే కడుతుంది, నేను కారులో కూర్చుంటాను.