బోర్డు మీద సారు చెరిపేసిన వరుస

మా డాక్టరు సారు పోయారన్న మాట దుత్తలూరు దగ్గర ఒక మందలో ఉండగా తెలిసింది. పొద్దున్నే గొర్రెలకు కడుపులో పురుగులు పోవడానికి నట్టల మందు తాగిస్తున్నాం. ఒకప్పుడు సారు దగ్గర కాంపౌండరుగా పనిచేసిన పెద్దాయన ఫోన్ చేశాడు. "అమ్మా, సారు లేరమ్మా. కాఫీ తాగి కుర్చీలోనే ఒరిగిపోయినాడంట." ఇంకా ముప్పై జీవాలు మిగిలి ఉన్నాయి. వాటన్నిటికీ మందు పోశాకే ఆత్మకూరు బస్సెక్కాను. సగం మందను వదిలేసి వచ్చానంటే సారు ఒప్పుకునేవారు కాదు.

ఆయన పశువుల డాక్టరు. చాలా ఏళ్లు ఉదయగిరిలో పనిచేసి, తర్వాత ఆత్మకూరులో పెద్ద హోదాలో రిటైరయ్యారు. నేనూ ఇప్పుడు పశువుల డాక్టరునే. గొర్రెలు కాసుకునే మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని. నేను ఇక్కడిదాకా రావడానికి ఆయనే కారణం.

జబ్బు చేసిన జీవాన్ని తీసుకుపోతే సారు ముందు దాన్ని ముట్టుకునేవారు కాదు. తెచ్చినవాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి, "ముందు నువ్వు చెప్పు. నువ్వు చూసింది చెప్పు, పక్కింటోడు చెప్పింది కాదు" అనేవారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టే ఒక పొడుగు నోటుబుక్కులో ఎడమవైపు రాసుకునేవారు. జబ్బు పేరూ మందు పేరూ కుడివైపు. 'నిన్న మాపు మందలో వెనకబడింది. నీళ్ల దాకా పోయి తాగకుండా నిలబడింది.' ఎడమవైపంతా ఇలాంటి మాటలే ఉండేవి. మా నాయనకు చదువు రాదు. మొదటిసారి ఆస్పత్రికి పోయొచ్చిన రోజు మా అమ్మతో గొర్రె సంగతి చెప్పలేదు. "నా మాట బుక్కులో రాసుకున్నాడు మే ఆ సారు" అన్నాడు.

ఆ తర్వాత సారు రెండేళ్లు కనబడలేదు. నలభై దాటిన వయసులో పై చదువుకు, శస్త్రచికిత్సలో ఎం.వి.ఎస్సీ. చెయ్యడానికి వెళ్లారు. పూర్తిచేసుకుని మళ్లీ ఉదయగిరికే వచ్చారు. ఆస్పత్రి వాళ్లు సంబరపడి గేటు దగ్గర కొత్త బోర్డు పెట్టించారు. పేరు, దాని కింద డిగ్రీ, ఆ కింద ఎర్రరంగుతో 'శస్త్రచికిత్స నిపుణులు'.

నేనప్పుడు ఆరో తరగతి. మా నాయన, ఇంకో నలుగురు కాపర్లు జీవాలతో గేటు ముందు ఆగారు. చదవగలిగింది నేనొక్కదాన్నే.

"ఏమి రాసుండాది పాపా?"

ఊరంతా వినపడేట్టు చదివాను.

"అంటే ఏంది?"

"కోసి బాగుచేసేది" అన్నాను. బళ్లో అంతవరకే చెప్పారు.

ఒక ముసలి కాపరి మేక తాడు చేతికి చుట్టుకున్నాడు. "రెండేండ్లు కోత నేర్చుకోనొచ్చినోడు ఇంక మందులెందుకిస్తాడప్పా? పదండి పదండి."

మా నాయన కూడా వాళ్లతోపాటే వెనక్కి తిరిగాడు. వారం తిరక్కముందే 'కోత డాక్టరు' అన్న పేరు పల్లెలన్నిటికీ పాకింది. దగ్గుకూ కోస్తాడంట, పారుడుకూ కోస్తాడంట. నెలరోజులపాటు ఆస్పత్రి ముందు ఒక్క మేక కూడా నిలబడలేదు.

సంగతి తెలిశాక సారు స్కూటర్ వేసుకుని మా మంద దగ్గరికే వచ్చారు. "బోర్డు చదివిన పండితురాలు ఎవురు?" అంటే నేను నాయన వెనక దాక్కున్నాను. ఆయన నవ్వారు. "నువ్వు సరిగ్గానే చదివినావు పాపా. రాయనిచ్చిన నాదే తప్పు. నేనేం చేస్తానో చెప్పకుండా నేనేం చదివినానో బోర్డు మీద పెట్టనిచ్చినాను."

ఆ సాయంత్రం డబ్బా తెప్పించుకుని ఆ ఎర్ర వరుస మీద తనే తెల్లరంగు పూశారు. దాని మీద మళ్లీ ఏమీ రాయలేదు. జీవాలు ఒక్కొక్కటిగా తిరిగి వచ్చాయి. సారు నన్ను సెలవు రోజుల్లో ఆస్పత్రికి రమ్మన్నారు. నోటుబుక్కు ఎడమవైపు రాసే పని నాది. ఒకసారి ఒకామె మేకను తెచ్చి, దాని చెవులు కాలతా ఉండాయని చెప్పింది. నేను 'జ్వరము' అని రాశాను. సారు దాన్ని కొట్టేశారు. "జ్వరమో కాదో నేను చెప్తాను. ఆమె చెవులు కాలతా ఉండాయనింది. అదే రాయి."

నేను డాక్టరునై, మా నాయనోళ్ల మందలు తిరిగే దుత్తలూరులో ఎనిమిదేళ్లు పనిచేశాక, ఆయన లాగానే, ఉద్యోగంలో ఉండగానే శస్త్రచికిత్సలో పై చదువుకు వెళ్లాను. ఎనిమిదేళ్లు చేత్తో చేసిన పనులను మళ్లీ మొదటి నుంచి నేర్పుతుంటే కష్టంగా ఉండేది. ఒకరోజు ఫోన్ చేసి, "నాకన్నా చిన్నోళ్లు నాకు చెప్తుండారు సారూ, సిగ్గుగా ఉండాది" అన్నాను. "నాకు కుట్లేసేది నేర్పినాయన నాకన్నా ఆరేండ్లు చిన్న. నేను ముడి పడిందా లేదా అనే చూసినా, ఆయన వయసు చూడ్లేదు" అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు నేను.

చదువు పూర్తిచేసి దుత్తలూరుకే తిరిగొచ్చాను. ఈమధ్య పైనుంచి ఒక కాగితం వచ్చింది. నెల్లూరులో శస్త్రచికిత్స చూసే పోస్టు. మండలాల్లో చేతకాని కేసులు అక్కడికి వస్తాయి, కొత్త డాక్టర్లకు పని నేర్పాలి. ఇష్టమో కాదో నెలలోపల రాసి పంపాలి. నేను ఇష్టం లేదని రాసి, పంపేముందు ఆ కాగితం సారుకు చూపించడానికి ఆత్మకూరు వెళ్లాను. ఆయన మెచ్చుకుంటారనే అనుకున్నాను. పై చదువు అయ్యాక ఆయన కూడా మొదట ఆత్మకూరులో పెద్ద పోస్టు వద్దని ఉదయగిరిలోనే ఉండిపోయారని మా వైపు అందరూ గొప్పగా చెప్పుకునేవారు.

సారు దాన్ని రెండుసార్లు చదివి కళ్లద్దాలు తీశారు.

"ఎందుకిట్టా రాసినావు?"

"మీరూ ఇట్టనే రాసినారు గదా సారూ."

ఆయన కాగితం నా ముందుకు జరిపి చెప్పారు. "బోర్డు గొడవ సద్దుమణిగి జీవాలు అప్పుడే వస్తుండాయి. నేను ఆత్మకూరు పోతే మళ్లీ ఎవురూ రారనుకున్నా. పోనని రాసినా. ఊరోళ్లు దండలేసినారు. బాగుండింది. ఆ ఎండాకాలమే అనుమసముద్రంపేట అవతల నుంచి ఒకామె బర్రెను బండికెక్కించుకోనొచ్చింది. దూడ కడుపులో అడ్డం తిరిగింది. ఆత్మకూర్లో కోసి తీసేవాళ్లు లేక ఉదయగిరి దాకా వచ్చింది. వచ్చేసరికి బర్రె పోయింది, దూడా పోయింది. ఆమె నన్ను ఒక్క మాట అన్లేదు. 'మీరు ఆత్మకూర్లో ఉండుంటే బాగుండు సారూ' అనింది. ఒక్క ఊర్లో మంచోణ్ణి అనిపించుకున్నా నేను. ఆమె బర్రె పోయింది."

మరుసటి ఏడు ఆయన ఆత్మకూరు వెళ్లారు. గురువారం గురువారం చుట్టుపక్కల కుర్ర డాక్టర్లను పిలిచి వాళ్ల చేతులతోనే ఆపరేషన్లు చేయించడం అప్పుడే మొదలుపెట్టారు. ఇదంతా నాకు తెలిసిందే. దాని వెనక ఆ బర్రె ఉందని మాత్రం తెలియదు.

"మరి దుత్తలూరు సంగతేంది సారూ?" అన్నాను, కొంచెం కోపంగానే.

"ఇంకో పిల్లోడొస్తాడు. వాడి చెయ్యి వణికితే నీకు ఫోన్ చేస్తాడు. చేసేదానికి నువ్వు ఆడ ఉండాల గదా?"

"మా నాయనోళ్లకు నామీదే నమ్మకం."

"ఆ నమ్మకం జేబులో పెట్టుకుని కూర్చోబాక. వచ్చేవాడికి ఇచ్చిపో."

నేను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. మజ్జిగ తాగి పొమ్మన్నారు. బస్సుకు టైమైందని అబద్ధం చెప్పాను. గేటు దాకా వచ్చి, "ఏదో ఒకటి పంపినాక చెప్పు" అన్నారు. తర్వాత తొమ్మిది రోజులకు పోయారు. అప్పటికి నేనేమీ పంపలేదు. చెప్పనూ లేదు.

ఆ రోజు ఆయన ఇంటి ముందు గోడ పొడుగునా కాపర్లు కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మా నాయన కూడా వాళ్లలోనే ఉన్నాడు. నేనెప్పుడూ చూడని ఒక యువ డాక్టరు ఎవరికో చెబుతున్నాడు, తన మొదటి సిజేరియన్ సారే తన మణికట్టు పట్టుకుని చేయించారని. నాయన అది విని నన్ను పక్కకు పిలిచాడు.

"మొన్న సారు దగ్గరికి ఏం పనిమీద వచ్చినావు?"

ఆ బర్రె సంగతితో సహా అంతా చెప్పాను. నాయన కర్రకు గడ్డం ఆనించాడు.

"ఆ పొద్దు గేటు కాడ నుంచి ఎనక్కి తిరిగినోళ్లలో నేనూ ఉండాను" అన్నాడు. "మేం మళ్లీ రామనే గదా సారు అప్పుడు ఆగిపోయింది. మళ్లీ నావల్ల ఇంకో డాక్టరు ఎనక్కి తిరగాల్నా? పో మే. మా జీవాల సంగతి వచ్చే పిల్లోడికి నేను చెప్పుకుంటాలే. రాసుకోమని మాత్రం నువ్వు చెప్పు."

పాత కాగితం చించేసి, ఇష్టమేనని రాసి పంపాను. దుత్తలూరుకు కొత్త డాక్టరు వచ్చాక వారంపాటు మందల వెంట తిప్పి, చివరి రోజు అతని చేతిలో ఒక పొడుగు నోటుబుక్కు పెట్టాను. ఎడమవైపు ఏం రాయాలో చెప్పాను.

నెల్లూరు వెళ్లేముందు ఉదయగిరి ఆస్పత్రిలో ఒక నిమిషం ఆగాను. ఆ పాత రేకు బోర్డు గేటు దగ్గర లేదు. లోపల షెడ్డు గోడకు ఆనించి ఉంది. సారు పూసిన తెల్లరంగు ఎండకు పొరలు పొరలుగా లేచింది. కింద ఎర్ర అక్షరాలు అక్కడక్కడా తొంగిచూస్తున్నాయి. పక్కనే డాక్టరు పిలుపు కోసం ఒకామె కూర్చుని ఉంది. ఆమె మేకపిల్ల బోర్డు అంచుకు మెడ రుద్దుకుంటోంది. రుద్దిన ప్రతిసారీ కొంచెం తెల్లరంగు రాలుతోంది.