కిటికీ కింది గద్దె

కూర్చునే చోటు కోసం కూడా ఇంత కోపమా అని మా ఆడబిడ్డ ఒకసారి నవ్వింది. ఆమెకేం, నవ్వుతుంది. చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఒక్కరోజు చేసి చూస్తే తెలుస్తుంది. షిఫ్టు మొత్తం నిలబడే ఉండాలి. కాసేపు గోడకు ఆనుకున్నా సూపర్‌వైజర్ గొంతు సవరించుకుంటాడు. అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు ఎవరూ వివరించనక్కర్లేదు.

బస్సు దిగి ఇంటికొస్తే అక్కడా అదే కథ. మాది తెలంగాణ రాష్ట్రం వచ్చాక కట్టుకున్న ఇల్లు. ముందు హాలు, పక్కన నాదీ మా ఆయనదీ పడకగది, వెనక వంటిల్లు. హాల్లో కుర్చీలకు కొదవ లేదు. కానీ మామ అక్కడ ఉన్నంతసేపు కోడలు కుర్చీలో కూర్చోకూడదు. ఆ మాట నోరు తెరిచి ఎవరూ చెప్పరు. కూర్చుంటే మాత్రం మామ మాట ఆపేసి మొహం అటు తిప్పుకుంటాడు. నేనే లేచి లోపలికి పోతాను. ఆయన పొద్దంతా హాల్లోనే ఉంటాడు. మా అత్త కాపురానికి వచ్చినప్పటి నుంచీ, పాత ఇంట్లోనూ ఇక్కడా, వంటింట్లో నేల మీదే కూర్చుంటోంది. నాకూ ఆ నేలనే చూపించారు. మంచం ఉంది కదా అంటారేమో. పగటిపూట కోడలు మంచమెక్కితే ఒంట్లో బాగాలేదా అని వాకిట్లోంచే అడుగుతారు. ఆ అడగడంలో ప్రేమేమీ ఉండదు.

అందుకే పడకగదిలో ఒక మూల నాకోసం గద్దె కట్టుకున్నాను. ఇల్లు కట్టగా మిగిలిన సిమెంటు ఇటుకలు, ఒక షాబాదు బండ పెరట్లో గడ్డి మొలిచి పడి ఉన్నాయి. సెలవు రోజు ఇటుకలు మోసుకొచ్చి కిటికీ కింద పేర్చాను. బండ నా ఒక్కదానితో కాలేదు. నేను పిలవకుండానే అత్త వచ్చి రెండో కొస పట్టింది. బండ మీద పాత చీరలతో కుట్టిన బొంత మడిచి పరిచాను. వీపుకు రెండు మెత్తలు, వాటిలో మా చేలో పండిన పత్తే. మంచానికీ గద్దెకూ నడుమ నా పసుపు చీర చింపి తెర కట్టాను. చాయ్ గ్లాసు పెట్టుకోవడానికి కిటికీ అంచు ఉండనే ఉంది. సాయంత్రం అక్కడ కాళ్లు చాపుకుని కూర్చుంటే ఆ కాసేపు నేను ఎవరికీ ఏమీ కాను. ఒట్టి మనిషిని.

"అత్తమ్మా, జర కూసోరాదు" అని ఒకసారి పిలిచాను. ఆమె బొంతను అరచేత్తో తడిమి చూసింది.

"నాకెందుకు బిడ్డా, పొయ్యి మీద పాలున్నయి" అని వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ ఏడు పత్తి బాగా పండింది, రేటు పడిపోయింది. మా దిక్కు రేటు లేనప్పుడు పత్తి అమ్మరు. ఇంట్లో పోసుకుని, ఎప్పుడు పెరుగుతుందా అని చూస్తూ కూర్చుంటారు. ఒకరోజు నేను షిఫ్టు నుంచి వచ్చేసరికి మా గది తలుపు సగమే తెరుచుకుంది. లోపల కిటికీ సగం దాకా పత్తి. తెర ఒక పక్కకు చిరిగి వేలాడుతోంది. గద్దె ఎక్కడుందో కూడా కనిపించలేదు. మంచం చుట్టూ మాత్రం జాగ్రత్తగా దారి వదిలారు. మా ఆయనకు నిద్ర కావాలి కదా.

"నన్నొక మాట అడిగిండ్రా?" అన్నాను ఆయనతో.

"అడిగేదేమున్నదే? హాల్ల పోస్తే నాయిన యాడ కూసుంటడు?"

"మరి నేను యాడ కూసోవాలె?"

"పత్తి మీదనే కూసో. గింత మెత్తటి సోఫా ఎవలింట్ల ఉన్నది?"

అది పరాచికమట. నాకు ఒళ్లు మండిపోయింది. పత్తి మెత్తదనం దాని పక్కన పడుకున్నవాళ్లను అడగాలి. ముక్కులో నూగు, మెడంతా దురద, బొంతల్లో దూరే ఎర్ర పురుగులు. నిప్పంటుకుంటుంది, దోమల కాయిల్ ముట్టించొద్దని మామ హెచ్చరిక. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన వేళ్ల మధ్య బీడీ కాలుతూనే ఉంది.

రేటు రాలేదు. నేను మళ్లీ వంటింటి నేల మీదికి చేరాను. అక్కడి నుంచి చూస్తే హాల్లో మామ, మా ఆయన, పక్కన ఖాళీ కుర్చీలు. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. చెడ్డవాళ్లయితే నాలుగు దులిపేసి తేలికపడేదాన్ని. మా ఇంట్లో అందరూ మంచివాళ్లే, హాయిగా కూర్చునే ఉన్నారు. నాకు అన్నిటికంటే ఎక్కువ కడుపు మండింది అందుకే.

ఒక సెలవు రోజు మామ పక్క ఊళ్లో పెళ్లికి పోయాడు, మా ఆయన చేనుకు పోయాడు. నేను దుప్పటి పరిచి, పత్తి అందులోకి తోడి, మూట కట్టి హాల్లోకి ఈడ్చడం మొదలుపెట్టాను. చప్పుడుకు అత్త వచ్చింది.

"మీ మామ వస్తే ఏమంటడో ఎరుకేనా?"

"ఎరుకే."

 ఆమె కొంగు నడుముకు దోపి, దుప్పటి రెండో పక్క పట్టింది. మూట మీద మూట తెచ్చి ఇద్దరం హాలు నింపేశాం. కుర్చీలు ఒక్కొక్కటే పత్తి కింద మునిగిపోయాయి. మామ కుర్చీని నేను చివరికి పెట్టుకున్నాను, దాని మీద మూట విప్పి కావాలనే కుమ్మరించాను. తర్వాత గద్దె బయటపడితే బొంత దులిపి, మెత్తలు కొట్టి సర్ది, చాయ్ పెట్టాను. ఈసారి అత్తను పిలవలేదు. ఆమే వెళ్లి గోడకు వీపు ఆనించి, కాళ్లు బారజాపి కూర్చుంది.

నేను చాయ్ గ్లాసులు తెస్తుంటే మామ వచ్చాడు. హాలు తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"గిదేంది? గిప్పుడు నేను యాడ కూసోవాలె?"

పొద్దుటి నుంచీ నేను జవాబు నూరుకుంటూనే ఉన్నాను. నోరు తెరిచేలోపే గదిలోంచి అత్త గొంతు వినిపించింది.

"వంటింట్ల నేలున్నది. పో, కూసో. గిన్నేండ్లు నేను కూసోలేదా?"

ఆయన చెప్పులు కూడా విడవకుండా అక్కడే నిలబడ్డాడు. నిలబడనీ అనుకున్నాను.