గుట్టకు ఉప్పు వేసిన శనివారం

జనవరి రెండో శనివారం, ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు అది మొదలైంది. ఆ రోజుల్లో, లోకంలో నేను చక్కదిద్దవలసినవి చాలా ఉన్నాయని నాకు గట్టి నమ్మకం. వయసు ఇరవై మూడు. గుంటూరు నుంచి వచ్చి కార్డిఫ్‌లో నర్సుగా చేరి పదకొండు వారాలు. మంచు పడగా చూడటం అదే మొదటిసారి. మధ్యాహ్నానికల్లా కరిగిపోతుందని రేడియో చెప్పింది, పన్నెండింటికి నాకు డ్యూటీ. కాలు నిలవక కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతున్నాను (పద్నాలుగు సార్లని నా గదిలో ఉండే నెల్లూరక్క అంటుంది, పదకొండే).

హాస్టల్ వెనక పార్కులో చిన్న గుట్ట ఉంది. పిల్లలు దాని మీదికి ఎక్కడం, దబ్బున కిందికి రావడం, సిగ్గులేకుండా మళ్ళీ ఎక్కడం. అయిదు నిమిషాల్లో తొమ్మిదిమంది పడ్డారు. ఒక్క తల్లీ పట్టించుకోలేదు. వాళ్ళ చేతుల్లో ప్లాస్టిక్ పలకలు దెబ్బ తగలకుండా అడ్డం పెట్టుకోవడానికేమో అనుకున్నాను. ముందురోజే ఆసుపత్రి గుమ్మంలో ఎవరూ జారకుండా మాచేత రాతి ఉప్పు చల్లించారు. ఆ ఉప్పు బస్తా ఒకటి హాస్టల్ తలుపు పక్కనే ఉంది. తొమ్మిదింటికి పిల్లలు టిఫిన్లకు ఇళ్ళకు వెళ్ళగానే గుట్ట పైనుంచి కిందిదాకా నలభైనాలుగు అడుగులు కొలిచి, అడుగుకో గుప్పెడు వేశాను. కూరకు వేసినట్టు కాదు, ఆవకాయకు వేసినట్టు.

తొమ్మిదీ యాభైకి పిల్లలు తిరిగి వచ్చేసరికి ఉప్పుకు మంచంతా కరిగి గుట్ట మీద బురద. ఎర్రటోపీ పెట్టుకున్న ఒక పిల్ల అప్పుడే మొదటిసారి వచ్చింది. పలక మీద కూర్చుని, కాళ్ళతో నెట్టుకుని, కదల్లేదు. అడిగితే చెప్పింది: కిందటిసారి మంచు పడ్డప్పుడు తనకు నాలుగేళ్ళట, జ్వరమట. ఇప్పుడు తొమ్మిది. వాళ్ళమ్మ నైట్ డ్యూటీ నుంచి వచ్చి తీసుకొచ్చేసరికి ఈ వేళయింది.

పిల్లలు పడకూడదనే వేశానని నెల్లూరక్కకు చెప్పాను. ఆమె నన్ను, బస్తాను, మళ్ళీ నన్ను చూసింది. "ఏందిమే, వాళ్ళు పడటంలా. కావాలని జారతా ఉండారు."

తర్వాత రెండు గంటలు మేమిద్దరం బట్టలు నానబెట్టే బేసిన్లతో పార్కు అంచుల నుంచి మంచు మోశాం. పిల్లే మేస్త్రీ. చెట్ల కింద మంచు మాత్రం ముట్టనివ్వలేదు. దాని కింద పూల మొలకలున్నాయని, వాటికి అదే దుప్పటి అని చెప్పింది. నేను మధ్యమధ్య గడియారం చూస్తూ, మోసిన దానికన్నా కరిగింది ఎక్కువని లెక్కగట్టి, అక్కచేత తిట్లు తింటూ పరిగెత్తాను. పదకొండూ యాభైకి గుట్ట పక్కన సన్నటి తెల్లని బాట తయారైంది. పిల్ల నోరు తెరుచుకుని కిందిదాకా వెళ్ళింది, అరవడం కూడా మరిచిపోయి. బాట ఇంకొక్కసారికే వస్తుందని అందరికీ కనిపిస్తూనే ఉంది.

పిల్ల పైకి వచ్చి పలక నాకిచ్చింది. "నువ్వు ఎప్పుడూ జారలేదు కదా," అంది.

వద్దనాలి. అనలేదు. పలక మీద కూర్చుని కాళ్ళతో నెట్టుకున్నాను, ఓరి దేవుడో అని తెలుగులో అరిచాను, ఆగేసరికి రెండు కాళ్ళూ పొదలో ఉన్నాయి. వార్డుకు పన్నెండు నిమిషాలు ఆలస్యంగా, తడి మేజోళ్ళతో వెళ్ళాను. సాయంత్రం దాకా నవ్వు ఆగలేదు.

మార్చిలో గుట్ట మీద పసుపు చార తేలింది. ఉప్పు పచ్చికను చంపుతుందనీ, వాన పడితే కింది వాగులోకి పోతుందనీ పార్కు తోటమాలి చెబుతుంటే తలవంచుకుని విన్నాను. నాలుగు ఆదివారాలు అతని పక్కనే మట్టి తవ్వి గడ్డి విత్తనాలు చల్లాను. ఈ వయసులోనూ మంచు పడితే నేను మొదట చేసే పని చేతులు జేబుల్లో పెట్టుకోవడం.

పోయినవి: ఉప్పు, సగం బస్తా. పచ్చిక, నలభైనాలుగు అడుగులు, ఒక వసంతం. నా ఎడమచేతి గ్లవ్. ఆ పిల్లకు, ఆరు నిమిషాలకొకటి చొప్పున, రెండు గంటల్లో రావలసిన ఇరవై జారుళ్ళలో పంతొమ్మిది. అందులో ఒకటి నా దగ్గరుంది.