బొబ్బర్ల మడిలో విమలా మేడమ్

నలిగిన బొబ్బరాకు పచ్చివాసన ముక్కుకు తగిలితే చాలు, నా వేళ్లు వాటంతటవే ఆ ఆకును తిరగేసి అడుగున చూస్తాయి. ఈ ఉదయం పోర్ట్ బ్లెయిర్ డైరీ ఫార్మ్ పేటలో, మా పెరట్లో కూడా అంతే. ఈ అలవాటు విమలా మేడమ్ పెట్టింది. సునామీ తరువాత మా వైపు వచ్చిన వ్యవసాయాధికారి ఆమె. అప్పట్లో మేము పోర్ట్ బ్లెయిర్‌కు అవతల ఒక పల్లపు ఊళ్లో ఉండేవాళ్లం. తాతల నాటి నుంచీ చేపలవేటే బతుకు. పడవ పోయాక మా ఆయన ఇక నీళ్లలోకి దిగనన్నాడు. వానలకు నేలలో ఉప్పు కాస్త కడుక్కుపోయాక, ఎత్తుగా మళ్లు పోసి, ఎండాకాలం బొబ్బర్లు వేశాం. బావినీళ్లు బిందెలతో మోసి పెంచిన తీగలు. మాకు మిగిలిన ఆధారం అదే.

పూత మొదలయ్యేసరికి చిగుళ్లన్నీ నల్లటి పేనుబంకతో నిండిపోయాయి. మా అత్త గుండెలు బాదుకుంది. "దవాయి కొట్టీరా! సముద్రం ఒకసారి తినీసింది, మిగిలింది ఈ పురుగులు తినీస్తాయి!" మా ఆయన మందు పంపు వీపుకెత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే మేడమ్ వచ్చింది.

"రుకో భయ్యా, ముందు చూద్దాం," అని బురదలోనే చతికిలబడింది. "లక్ష్మీ, నువ్వూ కూర్చో." నా చేతికి భూతద్దం ఇచ్చింది.

అందులో చూసి ఉలిక్కిపడ్డాను. ఒంటినిండా ముళ్లతో, నారింజ మచ్చలతో ఒక జీవి. పేనును నోట కరచుకుని నమిలేస్తోంది.

"మేడమ్, మొసలిపిల్లలా ఉంది!"

"అక్షింతల పురుగు పిల్ల. మన తరఫున పోరాడుతోంది. మందు కొడితే ఇదీ చస్తుంది. ఇవి గెలవకపోతే నేనే వచ్చి కొట్టిస్తాను."

రోజూ పొద్దున్నే వచ్చేది. ఇద్దరం తీగ తీగా వెదికేవాళ్లం. మరీ చెడిన చిగుళ్లు తుంచేసేవాళ్లం. కొన్ని తీగలు చచ్చిపోయాయి. మా అత్త నాతో మాట్లాడడం మానేసింది. చివరికి ఒక ఉదయం చూస్తే మడి నిండా ఎర్రని అక్షింతల పురుగులు. నలుపు విరిగి, కొత్త చిగుళ్లు లేస్తున్నాయి. అత్త ఒక పురుగును అరచేతిలో పాకించుకుంటూ చాలాసేపు నిలబడిపోయింది.

మేడమ్ భర్త కార్ నికోబార్ దీవిలో ఉద్యోగం చేస్తూ ఆ అలల్లోనే పోయాడని నాకు తరువాత తెలిసింది. ఉండబట్టలేక అడిగాను: "అంత పోయాక, ఈ పురుగుల్ని చూసే ఓపిక ఎక్కడిది మేడమ్?"

"సముద్రం వైపు చూస్తే నాకు ఊపిరాడదమ్మా. ఇంత చిన్నవైతే చూడగలను. వీటితో మొదలుపెట్టాను," అంది ఆమె.

తరువాత ఆమె కోరి బదిలీ చేయించుకుంది, కార్ నికోబార్‌కే. ఫీనిక్స్ బే ఓడరేవులో సాగనంపుతూ, "అక్కడికా మేడమ్?" అన్నాను.

"అక్కడా కూరగాయలు వేస్తున్నారు కదా లక్ష్మీ. చూసేవాళ్లుండాలి." ఓడ కదిలాక ఆమె గదిలోకి వెళ్లలేదు. కమ్మీ పట్టుకుని, నీళ్లకేసి చూస్తూ నిలబడింది.

ఇప్పుడు ఎవరి మడికి చీడ పట్టిందని కబురొచ్చినా నేను వెళ్తాను. ఏడుస్తున్న మనిషిని పక్కన కూర్చోబెట్టుకుంటాను. భయపడ్డ చోటు నుంచి లేచి పారిపోకుండా కూర్చోవడం, ఆమె దగ్గర నేను నేర్చుకున్న చదువు అదే.