హాల్బర్ట్ కారులో డెన్నీ ఇంజన్

ఆదివారం పూజ అయ్యాక కాజ్ ద్రోజ్ద్ తిన్నగా ఇంటికి పోయిన పాపాన పోలేదు. చర్చి ముందు కొత్త హాల్బర్ట్ కారు కనపడితే చాలు, అడక్కుండానే బానెట్ ఎత్తేసేవాడు. "ఈ ఆకుపచ్చ ఇంజన్ చూశావా? దీని సిలిండర్లు తొలిచింది నేనే" అనేవాడు. ఆ పని చేసేవాళ్ళు హాల్బర్ట్ ఫ్యాక్టరీ ఇంజన్ షాపులో ఇంకా బోలెడుమంది ఉన్నారు, అది వేరే సంగతి. మిషిగన్‌లోని మా ఊళ్ళో అందరివీ హాల్బర్ట్‌లే. ఖర్మకాలి ఇంకో కారు కొన్నవాడు మొహం చెల్లక రోడ్డవతల ఆపుకుని నడిచొచ్చేవాడు.

కాజ్ నాన్న పోలండ్ నుంచి వచ్చి ఆ ఇంజన్ షాపులోనే ముసలివాడయ్యాడు. కొరియా యుద్ధం నుంచి తిరిగొచ్చిన కాజ్ కూడా అక్కడే చేరాడు. చెప్పుకోడానికి వేరే గొప్పలేమీ లేవు పాపం. పాట రాదు, పేకాటలో ఎప్పుడూ ఓడేవాడే. మా ఇంజన్ గోడలు మందం, ఎన్నేళ్ళు తిరిగినా ఆయిల్ తాగదు అని చెప్పేటప్పుడు మాత్రం వాడి మొహం వెలిగిపోయేది.

డెబ్భై ఏడులో ఒకరోజు వాడి బావమరిది బెనెక్ ఇంటికొచ్చాడు. బెనెక్‌కి మాంసం కొట్టుంది. కాజ్ మాట మీదే కొత్త హాల్బర్ట్ కొన్నాడు.

"బావా, ఫ్యాన్ బెల్టు తెగితే మెకానిక్ దగ్గరికెళ్ళాను. హాల్బర్ట్ బెల్టు పట్టలేదు. డెన్నీ బెల్టు వేస్తే అతికినట్టు సరిపోయింది. ఏమిటిది?"

"ఆ మెకానిక్‌కి కళ్ళు లేవురా."

"నీకున్నాయిగా, చూడు."

కాజ్ బానెట్ ఎత్తాడు. పైకి ఆకుపచ్చే. మేకుతో గీకితే కింద ఎరుపు, డెన్నీ ఇంజన్ల రంగు. డెన్నీ కూడా హాల్బర్ట్ యజమానులదే, దానికంటే చవకరకం కారు. ఆ యేడు హాల్బర్ట్‌లకి గిరాకీ పెరిగి మా ఇంజన్లు చాలకపోతే, మిగిలిపోయిన డెన్నీ ఇంజన్లకి మా రంగు పూసి బిగించేశారు. కొన్నవాడికి ఒక్క ముక్క చెప్పలేదు. దగా కాకపోతే ఏమిటండీ అది?

కాజ్ బానెట్ దించేశాడు. ఆ ఆదివారం ఎవరి బానెట్టూ ఎత్తకుండా తలొంచుకుని ఇంటికి పోయాడు.

సంగతి ఊరంతా పాకింది. కొన్నవాళ్ళు ఒక్కటై లాయర్ని పెట్టుకున్నారు, అందులో బెనెక్ ముందున్నాడు. పత్రికలు ఏకిపారేశాయి. అమ్మకాలు పడిపోయాయి. కార్లు పోకపోతే ముందు మూతపడేది ఇంజన్ షాపేనని అందరూ బిక్కచచ్చిపోయారు. అప్పుడు మేనేజర్ హోవీ కాజ్‌ని పిలిపించాడు.

"కాజ్, మా మాట ఎవరూ నమ్మడం లేదు. నీ మాటైతే నమ్ముతారు. రెండింజన్లూ ఒకటేనని చెప్పు. షాపు నిలబడుతుంది."

ఇంటికొచ్చి చెబితే భార్య యాద్విగ మండిపడింది. "దగా వాళ్ళు చేస్తే సంజాయిషీ నువ్వు చెప్పాలా? వెళ్ళకయ్యా."

"షాపు పోతే ఊళ్ళో సగంమంది ఏం తింటారు?"

"మరి ఒకటేనా రెండూ?"

కాజ్ లేచి వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

ఈస్టర్‌కి ముందు ఉపవాసాల రోజుల్లో మాంసం ముట్టరు కాబట్టి శుక్రవారం సాయంత్రం ఊరంతా చర్చి హాల్లో వేయించిన చేపలు తింటారు. అందరూ పళ్ళేల ముందు కూర్చున్నాక కాజ్ లేచాడు. "మన ఇంజన్‌కీ డెన్నీ దానికీ తేడా లేదు. నడిపే మీకే కాదు, చేసే నాక్కూడా తెలియదు" అన్నాడు. హాలంతా కాసేపు గుసగుసలాడింది. చివరికి బెనెక్ లేచి, "బావే అన్నాక ఇంకేముంది, నేను కేసు వదిలేస్తున్నా" అన్నాడు. తక్కినవాళ్ళూ మెత్తబడ్డారు. కాజ్ మాట ఫోటోతో సహా పత్రికలో పడింది. కార్లు మళ్ళీ కదిలాయి. ఆ కొన్ని నెలలూ జనం వాణ్ణి నెత్తిన పెట్టుకున్నారు.

ఎండాకాలం వెళ్ళాక షాపు వాళ్ళందర్నీ ఒకచోట కూర్చోబెట్టారు. పెద్దాఫీసు నుంచి ఒకాయన వచ్చి నెమ్మదిగా మాట్లాడాడు. ఇక నుంచి హాల్బర్ట్‌లకి కూడా డెన్నీ ఇంజన్లే వేస్తామన్నాడు. "తేడా లేదని మీవాడే చెప్పాడు, కొన్నవాళ్ళూ ఒప్పుకున్నారు. అలాంటప్పుడు రెండు షాపులెందుకు?"

కాజ్ లేచి నిలబడ్డాడు. "తేడా ఉందండీ. చాలా ఉంది."

ఆయన కోప్పడనైనా లేదు. "అయితే ఆ రోజు చర్చిలో మీవాళ్ళకి అబద్ధం చెప్పారా?"

అవునంటే బెనెక్ మొహం, ఊరివాళ్ళ మొహం ఎలా చూడాలి? వాళ్ళు వదులుకున్న కేసు ఎవరు తిరిగిస్తారు? కాదంటే షాపు పోయినట్టే. కాజ్ మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయాడు. మూసేస్తున్నామని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

వాకిట్లోనే యాద్విగ ఎదురొచ్చింది. "ఏమన్నారు?"

"నేనన్నదే అన్నారు" అన్నాడు కాజ్. మెట్టు మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. "అందరి పొట్టా నేనే కొట్టాను, యాద్విగా."