దింపొద్దు అన్న మాట

ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి టోకు వ్యాపారం చేసే అన్నదమ్ములకు ఫోన్ ఎక్స్ఛేంజ్ పెట్టి ఇచ్చాను. రోజూ పొద్దున దుకాణం నుంచి అన్న, గోదాము నుంచి తమ్ముడు, కిషన్‌బాగ్ ఇంటి నుంచి వాళ్ల నాన్న ఒకే లైన్లో మాట్లాడుకునేవారు. ముందురోజు ఇంటికి వచ్చిన నమూనాను చేత్తో నలిపి చూసి, ఏ లారీ సరుకు దింపాలో చెప్పేది పెద్దాయనే.

ఆ ఎక్స్ఛేంజ్‌ను నడిపే దుకాణంలోని పాత కంప్యూటర్ ఫ్యాను మిరప దుమ్ముకు మాటిమాటికీ పట్టేసేది. ఫ్యాను అక్కర్లేని చిన్న బోర్డు తెచ్చాను. దాని ప్రాసెసర్ వేరే రకం, కాబట్టి ఫోన్లను కలిపే డ్రైవర్ అనే ప్రోగ్రామ్‌ను దానికోసం మళ్లీ కంపైల్ చేయాల్సి, అంటే ఆ ప్రాసెసర్‌కు అర్థమయ్యే రూపంలోకి మార్చాల్సి వచ్చింది. ముగ్గురి గొంతులు కలపడానికి ఆ డ్రైవర్‌కు సెకనుకు వెయ్యిసార్లు కొట్టే గడియారం కావాలి. పాత కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రామ్, కెర్నెల్, అది ఇచ్చేది. బోర్డు కెర్నెల్ వందసార్లే కొట్టేది. వెయ్యి లేకపోతే కంపైల్ ఆగిపోవాలని డ్రైవర్ రాసినవాడు కోడ్‌లో ఒక వరుస పెట్టాడు. నేను ఆ వరుస తీసేసి, ఒక్కో దెబ్బకు పది ముక్కల శబ్దం పంపేలా మార్చాను. కంపైల్ అయింది. ఇద్దరి చేత మాట్లాడించి చూశాను, బాగానే ఉంది. ముగ్గురితో చూడలేదు.

కొన్నాళ్లకు వేరే పని మీద దుకాణానికి వెళ్లాను. తడి తగిలిన మిర్చి గోదాములో దిగిందట. పెద్దాయన ఆరోజు దుకాణానికే వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"బాపూ, నువ్వే గదా దింపుమన్నది. మేమిద్దరం విన్నం," అన్నాడు అన్న.

"అన్ననేమో. యాదికొస్తలేదు," అన్నాడాయన.

ఆయన లోపలికి వెళ్లాక అన్న నాతో మెల్లగా చెప్పాడు. "వయసైంది సార్. సోమవారం డాక్టర్‌కు చూపెడ్తున్నం. పొద్దున లైన్ల గూడ వస్తలేడు."

నాకు ఆ తీసేసిన వరుస గుర్తొచ్చింది. అన్నదమ్ములను ఇద్దరినీ లైన్లోకి రమ్మని, పక్కగది ఫోన్లోంచి "దింపొద్దు" అని పదిసార్లు చెప్పాను.

"నాలుగుసార్లు దింపు అన్నరు సార్," అన్నాడు గోదాము నుంచి తమ్ముడు.

బోర్డుకు వేరే పని తగిలినప్పుడు గడియారం దెబ్బలు జారిపోతున్నాయి, మాటల కొసలు తెగిపోతున్నాయి. తెలుగులో వద్దనే మాట కొసలోనే ఉంటుంది. ఆ కెర్నెల్‌లో ఇంకా సన్నని టైమర్ ఒకటి ఉంది, బోర్డు చేసినవాళ్లు దాన్ని ఆపేసి ఉంచారు. దాన్ని చేర్చి కెర్నెల్‌ను మళ్లీ కట్టి, డ్రైవర్‌ను దానికి తగిలించడానికి రెండు రోజులు పట్టింది. ఈసారి ముగ్గురితోనే పరీక్షించాను.

తర్వాత అన్నతో కలిసి కిషన్‌బాగ్ వెళ్లాను.

"తప్పు నాదండీ. మీరు సరిగ్గానే చెప్పారు, యంత్రం సగం మింగేసింది," అన్నాను.

ఆయన నా వైపు ముందుకు వంగాడు. "అంటే నేను వద్దనే అన్ననా?"

"వద్దనే అన్నారు."

ఆయన కొడుకు వైపు తిరిగాడు. "మరి డాక్టర్ దగ్గరికి పోవుడు?"

"లేదు బాపూ," అన్నాడు అన్న, తల ఎత్తకుండా.

మర్నాటి నుంచి పెద్దాయన మళ్లీ లైన్లోకి వచ్చాడు. అన్న మాత్రం ఇప్పటికీ ఆయన చెప్పినదాన్ని ఒకసారి తిరిగి అడుగుతాడు. అందుకు ఆయన విసుక్కుంటాడు.