మామ చేసిన కోఫీ బొమ్మ

మా చిన్నప్పుడు... ఉదయగిరిలో మా అవ్వ ఇంటి పెరడంతా తుక్కే. చిల్లు బొక్కెనలు, విరిగిన నాగలి కర్రులు, తుప్పు పట్టిన కిరసనాయిలు డబ్బాలు... అన్నీ మా మామ ఏరుకొచ్చినవి.

మామంటే మా అమ్మ తమ్ముడు. బర్మా యుద్ధానికి లారీ డ్రైవరుగా వెళ్లి, కుంటికాలితో తిరిగొచ్చాడు. పొద్దస్తమానం రేకులు కత్తిరించి, సాగగొట్టి, తీగతో బిగించి బొమ్మలు చేసేవాడు. మాకు మేకలు, కోళ్లు చేసిచ్చేవాడు... ఒక్క మనిషి బొమ్మను మాత్రం ఎన్నాళ్లైనా ముగించలేదు. నెత్తిన మూటతో నిలబడ్డ మనిషి. ముఖం ఇంకా లేదు.

అవ్వకు అదంతా కంటగింపు. "ఇరిగినవి ఇంట్లో పెట్టుకుంటే దరిద్రంరా" అని రోజూ గొడవ. మామ ఆత్మకూరు వెళ్లిన రోజు చూసి, బొమ్మతో సహా అంతా పెంటదిబ్బలో పోయించింది.

సాయంత్రం మామ వచ్చి ఖాళీ పెరడు చూశాడు. అన్నం ముందు కూర్చుని కలపకుండా ఉండిపోయాడు.

"ఏందిరా, తుక్కు కోసం కూడు మానుకుంటావా?" అంది అవ్వ.

"ఆ బొమ్మ తుక్కు కాదమ్మా... కోఫీ."

అప్పుడు చెప్పాడు, మొదటిసారి. కోఫీది పడమటి ఆఫ్రికా. వాళ్ల పటాలం బర్మా కొండల్లో సామాన్లన్నీ నెత్తిన మోసేది. కాలికి దెబ్బ తగిలి పడిపోయిన మామను కోఫీ వీపున వేసుకుని కొండ దిగాడట. ఆసుపత్రికి చూడటానికొచ్చి, ఖాళీ పాలడబ్బాలతో బొమ్మలు చేయడం నేర్పిందీ అతనే. వాళ్ల నాయన పాత ఇనుముతో బొమ్మలు చేసేవాడట.

"మళ్లా కొండెక్కినాడు. తిరిగి రాలా" అన్నాడు మామ.

అవ్వ కంచం మామ దగ్గరికి జరిపి అడిగింది. "కోఫీ అంటే ఏం పేరురా?"

"శుక్రవారం పుట్టినోళ్లకి పెడతారంట."

"మన సోమయ్య, మంగమ్మ మాదిరేనా... వాళ్లమ్మకు తెలిసిందో లేదో!"

తెల్లారి మేం లేచేసరికి అవ్వ పెంటదిబ్బ మీద ఉంది. కొంగు దోపుకుని ఒక్కొక్క ముక్కా ఏరుతోంది. నేనూ మా చెల్లెలూ తట్టలు పట్టాం. ఇంటికొచ్చాక అటక మీద నుంచి చిల్లుపడ్డ రాగిచెంబు దించింది... పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. "మొహానికి పనికొస్తాదేమో చూడు" అని మామ ముందు పెట్టింది.

ముఖం కుదిరింది. విశాలమైన నుదురు, నవ్వబోతున్నట్టు పెదాలు... బొమ్మ పూర్తయిన రోజు అవ్వ దాని చుట్టూ తిరిగి చూసి, "ఎంతకాలమని మోస్తాడు పాపం... ఆ బరువు దించరాదంట్రా?" అంది.

మామ తీగ విప్పి, మూట దించి బొమ్మ కాళ్ల దగ్గర పెట్టాడు. మామ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు అవ్వా లేదు, మామా లేడు. ఆ పెరడున్న చోట సెల్‌ఫోన్ల కొట్టు వచ్చింది. బొమ్మ ఎటుపోయిందో తెలియదు. మొన్న మా మనవరాలు ఫోనులో, ఆఫ్రికా వాళ్లు పాత ఇనుముతో చేసిన శిల్పాలు చూపించింది... వేలితో పెద్దవి చేసుకుని ఒక్కొక్క ముఖమూ చాలాసేపు చూశాను.

మా ఇంట్లో ఈమధ్య ఏ వస్తువూ చిల్లుపడేదాకా ఉండటం లేదు... మీ ఇళ్లలో పాతవాటికి మళ్లీ ప్రాణం పోసినవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల గురించి రెండు మాటలు రాయండి. చదవాలని ఉంది.